ఒకే మాట, నాలుగు పనులు: కౌన్సెలర్‌ని ఎంచుకోవడం ఎందుకింత గందరగోళం?

క్లుప్తంగా: మన దేశంలో ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకోవాలంటే ఫలానా చదువు ఉండి తీరాలన్న నిబంధన ఇంకా గట్టిగా అమల్లోకి రాలేదు. సైకియాట్రిస్టుకి, క్లినికల్ సైకాలజిస్టుకి చట్టబద్ధమైన రిజిస్టర్లు ఉన్నాయి. మిగతావాళ్ల అర్హత తేల్చుకునే భారం సాయం కోసం వచ్చినవాళ్ల మీదే పడుతోంది. అర్హత సంగతి పది నిమిషాల్లో కనుక్కోవచ్చు. కౌన్సెలర్‌కీ మనకీ కుదిరిందా లేదా అన్నది తెలియాలంటే మూడు నాలుగు సెషన్లు కావాలి.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో కౌన్సెలర్ అనే మాట కాలేజీల్లోనూ ఇళ్లలోనూ మళ్లీ చర్చకొచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. ఆమె తండ్రి వేసిన కేసులో కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అందులో ఒకటి ఇది: 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.

ఆదేశం స్పష్టంగానే ఉంది. చిక్కంతా ‘శిక్షణ ఉన్న’ అన్న మాట దగ్గర. ఆ శిక్షణ ఎక్కడిది, ఎన్నాళ్లది, ఎవరు గుర్తించింది? ఈ ప్రశ్న కాలేజీ యాజమాన్యాలకే కాదు. నిద్ర పట్టని ఉద్యోగికి, కాపురంలో మాటలు కరువైన దంపతులకి, పిల్లాడు గదిలోంచి బయటికి రావడం లేదని బెంగపడే తల్లికి కూడా అదే ఎదురవుతుంది.

‘పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు’

తెలుగునాట కౌన్సెలింగ్ అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చేది సీటు. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని పరిగెత్తేది కౌన్సెలింగ్‌కే. టీచర్ల బదిలీలకీ కౌన్సెలింగే. హైదరాబాద్‌లో తాగి బండి నడిపి దొరికినవాళ్లని, ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి రమ్మనేదీ అందుకే. షీ టీమ్స్‌కి చిక్కిన కుర్రాళ్లకి తల్లిదండ్రుల ఎదుట జరిగేదీ అదే. పోలీసులు ‘పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని పేపర్లో వస్తే, గట్టిగా మందలించి పంపారని పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది.

సీటు అర్థం మరీ దారి తప్పినదేమీ కాదు. కౌన్సెలింగ్ అనే వృత్తి అమెరికాలో మొదలైందే ఉద్యోగ మార్గదర్శనంగా. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకి తగిన వృత్తి ఎంచుకోవడంలో సాయం చేసే కేంద్రం ఒకటి తెరిచాడు. 1940ల నుంచి సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ లాంటివాళ్లు దాన్ని మరో దారి పట్టించారు. చెప్పడం తగ్గించి వినడం పెంచారు. దారి చూపించేది కౌన్సెలర్ కాదు, ఎదుటి మనిషి తన దారి తాను చూసుకునేలా పక్కన నిలబడేవాడు మాత్రమే అన్నారు.

తెలుగులోకి ఈ రెండో అర్థం పూర్తిగా దిగలేదు. అందుకే ఇంటర్ చదివే కొడుకుని తీసుకొచ్చిన తండ్రి కుర్చీలో కూర్చోగానే ‘వాడికి కాస్త గట్టిగా చెప్పండి సార్’ అంటాడు. ఆ గదిలో డబ్బు కట్టింది తండ్రి, వచ్చింది కొడుకు, ఫిర్యాదు ఒకరిది, బాధ ఇంకొకరిది. శిక్షణ ఉన్న కౌన్సెలర్ ముందుగా తేల్చేది ఇక్కడ క్లయింట్ ఎవరన్నదే. శిక్షణ లేనివాడు తండ్రి అడిగినట్టే గట్టిగా చెప్పి పంపిస్తాడు. కుర్రాడి దృష్టిలో కౌన్సెలర్ అంటే ఫీజు తీసుకునే ఇంకో మేనమామ అవుతాడు.

కుటుంబ తగాదాల్లోనూ ఇలాంటి కలగలుపు ఉంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద కౌన్సెలర్లు ఉంటారు. దంపతుల మధ్య రాజీకి వీలుందేమో చూడటం వాళ్ల పని. ‘కలిసి ఉండాలా వద్దా నాకే తెలియడం లేదు’ అనుకునే మనిషి విడిగా మాట్లాడుకునే కౌన్సెలింగ్‌కి అలాంటి లక్ష్యం ముందే ఉండకూడదు. ఈ రెండిట్లో ఏది జరుగుతోందో తెలియకపోతే, మధ్యలో మోసపోయామన్న భావన మిగులుతుంది.

బోర్డు మీద పేరు, దాని వెనక చదువు

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. పేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో ఉంటుంది. మందులు రాయగలరు. రద్దీ ఉన్న ఆసుపత్రిలో ఒక్కో మనిషితో గంటసేపు కూర్చునే తీరిక మాత్రం వాళ్లకి తక్కువ.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్య ఏమిటో అంచనా వేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. సైకాలజీలో పీజీ అయ్యాక, రోగుల మధ్య పర్యవేక్షణలో రెండేళ్లు పనిచేసే ఎం.ఫిల్. ఇన్నాళ్లూ దీనికి రాజమార్గం. ఈ కోర్సులను గుర్తించేది 1992 చట్టంతో ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ. అర్హత ఉన్నవాళ్ల పేరు, నంబరు దాని రిజిస్టర్లో ఉంటాయి. ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు. కొత్త విద్యావిధానంలో ఎం.ఫిల్. డిగ్రీనే తీసేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. కాబట్టి రాబోయే ఏళ్లలో బోర్డుల మీద డిగ్రీ పేర్లు మారతాయి. పేరు ఏదైనా, రిజిస్ట్రేషన్ నంబరు అడగడం మాత్రం మానక్కర్లేదు.

ఇక కౌన్సెలర్, కౌన్సెలింగ్ సైకాలజిస్టు, థెరపిస్టు, లైఫ్ కోచ్. గందరగోళమంతా ఇక్కడే. ఇందులో సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్లపాటు పనిచేసిన సమర్థులు ఉన్నారు. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. బయట బోర్డు చూస్తే ఇద్దరిదీ ఒకేలా కనిపిస్తుంది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి ఈ రంగంలోకి వచ్చిన సోషల్ వర్కర్లు ఇంకో వర్గం. మద్యం అలవాటు, కుటుంబ హింస, అప్పుల ఒత్తిడి లాంటి సందర్భాల్లో చాలాసార్లు వీళ్ల పనే నేలమీద నిలుస్తుంది. బయట వీళ్ల పేరు పెద్దగా వినబడదు, అది వేరే సంగతి.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. సైకాలజిస్టులు, కొన్ని రకాల కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు దాని జాబితాలో ఉన్నారు. కోర్సులకి ఒకే ప్రమాణం, రాష్ట్రాల్లో మండళ్లు, రిజిస్టర్లు ఉండాలన్నది ఉద్దేశం. చట్టం వచ్చినంత వేగంగా యంత్రాంగం రాలేదు. దాని ప్రభావం మొదట కనిపించింది చదువుల్లో. ఈ చట్టం పరిధిలోకి వచ్చే సైకాలజీ లాంటి కోర్సులను 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పింది. కరస్పాండెన్స్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి కౌన్సెలర్ కావడం మనదగ్గర చాలామంది ఎంచుకున్న దారి. ఆ దారి ఇక మూసుకుపోతోంది. ఇప్పటికే అలా చదివినవాళ్లంతా పనికిరారని దీని అర్థం కాదు. డిగ్రీ తర్వాత ఎవరి పర్యవేక్షణలో, ఎంతకాలం, ఎలాంటివాళ్లతో పనిచేశారు అని అడగాల్సిన అవసరం పెరిగిందని అర్థం.

ఇది ఒక్క భారతదేశం ఇబ్బందే కాదు. బ్రిటన్‌లో ఇప్పటికీ కౌన్సెలర్ అనే పేరుకి చట్ట రక్షణ లేదు. వృత్తి సంఘాల స్వచ్ఛంద రిజిస్టర్లే ఆధారం. అమెరికాలో ప్రతి రాష్ట్రమూ ప్రొఫెషనల్ కౌన్సెలర్లకి లైసెన్స్ ఇస్తుంది. అక్కడ కూడా ఈ పద్ధతి 1976లో వర్జీనియాతో మొదలై, 2009లో కాలిఫోర్నియా చేరడంతో పూర్తయింది. అన్ని రాష్ట్రాలకీ చేరడానికి మూడు దశాబ్దాలకి పైనే పట్టింది.

ముందు ఎవరి దగ్గరికి

మన ఇళ్లలో మనసు బాధ ఎక్కువసార్లు ఒంటి బాధగానే బయటపడుతుంది. గుండె దడ, తల బరువు, కడుపులో గ్యాస్, ఒళ్లంతా నీరసం. ముందు ఊళ్లో ఆర్ఎంపీ, తర్వాత టౌన్లో ఫిజీషియన్, ఆ తర్వాత ఈసీజీ, స్కానింగ్. అన్నీ నార్మల్ అన్నాక గానీ ‘టెన్షనేమో’ అన్న మాట రాదు. ఇందులో ఒక మేలు లేకపోలేదు. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 లోపం లాంటివి కుంగుబాటులాగే కనబడతాయి కాబట్టి ఒక రక్తపరీక్ష ముందే అయిపోవడం మంచిదే.

నిద్ర, ఆకలి బాగా చెడిపోయి రోజువారీ పని ఆగిపోయినా, లేని మాటలు వినిపిస్తున్నా, అనుమానాలు హద్దు దాటినా, మద్యం మానితే చేతులు వణుకుతున్నా ముందు సైకియాట్రిస్టుని చూడాలి. ఇలాంటప్పుడు కౌన్సెలింగ్ మందులకి తోడుగా పనికొస్తుంది, వాటి బదులుగా కాదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వచ్చే మంగళవారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లాలి, లేదా టెలి-మానస్ 14416కి ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకి కలుపుతారు.

పెళ్లి, విడాకులు, ఆప్తుల మరణం, ఉద్యోగం పోవడం, పరీక్షల భయం, ఎందుకో తెలియని దిగులు లాంటివాటికి మంచి కౌన్సెలర్ సరిపోతారు. తేడా తెలియకపోయినా నష్టం లేదు. తన పరిధి దాటిన కేసుని గుర్తుపట్టి పైకి పంపడం కౌన్సెలర్ శిక్షణలో భాగం. ‘మందులు విషం, నా దగ్గరే తగ్గిపోతుంది’ అని చెప్పేవాళ్ల దగ్గర ఆ భాగమే లోపించిందని అనుకోవాలి.

నిపుణుల కొరత ఎంతో చెప్పడానికి తరచుగా చూపించేది 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దాన్ని 12 రాష్ట్రాల్లో చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని లెక్కకొచ్చింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన పత్రికలు ఈ అంకెలను మనవే అన్నట్టు వాడేస్తుంటాయి.

బెంగ, దిగులు, గాభరా

కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు భాష గురించి తక్కువమంది ఆలోచిస్తారు. సైకాలజీ పాఠాలు ఇంగ్లిషులో ఉంటాయి. బాధ తెలుగులో ఉంటుంది. ‘ఆందోళన’ అన్న పుస్తకాల మాట కింద మన ఇళ్లలో కంగారు, గాభరా, గుబులు, బెంగ, దిగులు అన్నీ వేరువేరుగా ఉన్నాయి. బెంగ అంటే దూరమైన మనిషి మీద లాగే మనసు, హాస్టల్లో చేరిన పిల్లాడికి పట్టుకునేది. గుబులు ఇంకా జరగనిదాని గురించి. గాభరా ఒంట్లోనే మొదలవుతుంది, చెమటతో సహా. వీటన్నిటినీ కలిపి ఒకే ఇంగ్లిషు మాటలో రాసుకునే కౌన్సెలర్ దగ్గర సగం సమాచారం జారిపోతుంది.

బాగా ఇంగ్లిషు వచ్చినవాళ్లకి కూడా ఈ ఇబ్బంది ఉంది. ఆఫీసు సంగతి ఇంగ్లిషులో ధారాళంగా చెప్పగలిగినా, అమ్మతో గొడవ సంగతికి వచ్చేసరికి అమ్మ అన్న మాటలు అన్నట్టే చెప్పాలి. వాటికి అనువాదం ఉండదు. కొందరికి ఇది తిరగబడి పనిచేస్తుంది. తెలుగులో నోటికి రాని లైంగిక విషయాలు ఇంగ్లిషులో సులువుగా చెప్పగలుగుతారు. రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరగనిచ్చే కౌన్సెలర్ దొరికితే మంచిది.

ఇంకో అలవాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డాక్టర్ అయినా ప్లీడర్ అయినా ‘మనవాళ్లలో ఎవరైనా ఉన్నారా’ అని వెతకడం మనకి మామూలే. కౌన్సెలింగ్‌లో ఇది ఎదురు తిరుగుతుంది. బంధువు, ఇంటి స్నేహితుడు, పనిచేసేచోట పై అధికారి కౌన్సెలర్‌గా ఉండకూడదన్నది ఈ వృత్తి మొదటి నియమాల్లో ఒకటి. రేపు పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చునే మనిషికి ఎవరూ అన్నీ చెప్పరు.

మొదటి సెషన్లో జరిగేది

సెషన్ మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు. మొదటిదాంట్లో చాలాభాగం ప్రశ్నలకే పోతుంది. ఎప్పటినుంచి, ఇంట్లో ఎవరెవరు, నిద్ర ఎలా ఉంది, ఇంతకుముందు చికిత్స ఏమైనా తీసుకున్నారా అని అడుగుతారు. కొందరు ప్రశ్నావళి ఇస్తారు. కుంగుబాటుకి ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి, గత రెండు వారాల సంగతి అడుగుతుంది, మార్కులు 0 నుంచి 27 దాకా. అది జబ్బు నిర్ధారణ కాదు, థర్మామీటర్ లాంటిది. నెల తర్వాత మళ్లీ అదే నింపితే కదలిక తెలుస్తుంది.

తొలిసారి వెళ్లినవాళ్లలో చాలామంది ‘ఏమీ చెప్పలేదు, అంతా నేనే మాట్లాడాను’ అని నిరాశపడతారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా క్లినిక్ నుంచి బయటికి రావడం మనకి అలవాటు లేదు.

ఈ సెషన్లోనే సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టాలి. ఫీజు, రద్దు చేసుకునే నియమం, నోట్స్ ఎక్కడ దాస్తారు, గోప్యత ఎంతవరకు అన్నవి అందులో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకి హాని జరగబోతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మినహాయింపులు ఉన్నాయి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే ఫిర్యాదు చేయాల్సిందే. ‘ఏం చెప్పినా ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చే కౌన్సెలర్‌కి ఈ సంగతి తెలియదన్నమాట. ఇంకో మెలిక ఉంది. 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణులంటే ఎవరో నిర్వచించింది. అందులో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు ఉన్నారు, మామూలు కౌన్సెలర్ పేరు లేదు. అందుకే కౌన్సెలర్ దగ్గర ఆ సమ్మతి పత్రానికి విలువ ఎక్కువ.

పొత్తు కుదిరిందా

కౌన్సెలర్‌కీ వచ్చిన మనిషికీ మధ్య ఏర్పడే పొత్తులో మూడు భాగాలుంటాయని అమెరికన్ సైకాలజిస్టు ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో రాశాడు: ఎక్కడికి చేరాలన్నదానిపై ఒప్పందం, దానికోసం ఏం చేయాలన్నదానిపై ఒప్పందం, ఒకరిమీద ఒకరికి నమ్మకం. తర్వాత వచ్చిన వందల అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్స పద్ధతి ఏదైనా ఈ పొత్తు గట్టిగా ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉండే ధోరణి కనిపించింది. అంతా దీనితోనే తేలుతుందని కాదు. పద్ధతి పేరు చూసి కౌన్సెలర్‌ని ఎంచుకోవడం కంటే ఇది చూసుకోవడం మేలని మాత్రం చెప్పొచ్చు.

మన దగ్గర ఈ మూడింటిలో మూడోది త్వరగా కుదురుతుంది, మొదటిది అసలు మాటల్లోకే రాదు. ‘మేడమ్ చాలా మంచావిడ, అమ్మలా మాట్లాడుతుంది’ అంటూ ఆరు నెలలు వెళ్లినవాళ్లని, దేనికోసం వెళుతున్నారని అడిగితే చెప్పలేకపోవడం కద్దు. మూడో నాలుగో సెషన్‌కి ‘మనం దేనిమీద పనిచేస్తున్నాం, తగ్గుతోందని ఎలా తెలుస్తుంది’ అని అడగడం తప్పు కాదు. మంచి కౌన్సెలర్ ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. కుదరలేదనిపిస్తే నేరుగా చెప్పి, ఇంకొకరి పేరు అడగొచ్చు. పెద్దవాళ్ల ముఖంమీద చెప్పలేని మొహమాటంతో ఫోన్ ఎత్తడం మానేసేవాళ్లే ఎక్కువ.

నచ్చకపోవడం వేరు, తప్పు వేరు. ఇన్ని సెషన్లలో నయం చేస్తానని హామీ ఇవ్వడం, పెద్ద ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకోవడం, జాతకం చూడటం, ఇంకో క్లయింట్ కథ పేరుతో సహా చెప్పడం, క్లినిక్ బయట స్నేహం కలుపుకోవాలని చూడటం రెండో రకం.

డబ్బు, దూరం

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ప్రైవేటు ఫీజు కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉంది. సెషన్‌కి 1,500 అనుకున్నా వారానికొకసారి చొప్పున నెలకి 6,000. రెండుసార్లు వెళ్లి ఆపేయడానికి సిగ్గు కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు. శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. అయితే ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారంవారం కౌన్సెలింగ్ అవుట్‌పేషెంట్ లెక్కలోకి పోతుంది. ప్రభుత్వంలో హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నాయి. ఖర్చు లేదు, రద్దీ ఉంటుంది.

అమెరికాలోని తెలుగువాళ్లు భారతదేశంలోని తెలుగు కౌన్సెలర్లతో వీడియోలో మాట్లాడటం పెరిగింది. అక్కడ లైసెన్స్ లెక్క, సెషన్ సమయంలో క్లయింట్ ఏ రాష్ట్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. భాష కుదురుతుంది కానీ, అర్ధరాత్రి అత్యవసరం వస్తే ఇక్కడి కౌన్సెలర్ అక్కడ చేయగలిగింది తక్కువ. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినప్పుడు అక్కడ ఫోన్ చేసే 988 నంబరు దగ్గర పెట్టుకోవాలి.

కాలేజీలో కుర్చీ వేశాక

సుప్రీంకోర్టు ఆదేశం పూర్తిగా అమలైతే తెలుగు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీలన్నిటికీ ఒక్కసారిగా కౌన్సెలర్లు కావాలి. అంతమంది శిక్షణ ఉన్నవాళ్లు దొరక్క, ఉన్న లెక్చరర్లకే చిన్న కోర్సు చేయించి ఆ కుర్చీలో కూర్చోబెట్టే అవకాశం ఉంది. ఉదయం మార్కులు వేసిన మనిషికే సాయంత్రం మనసు విప్పమంటే ఏ విద్యార్థీ విప్పడు. బయటినుంచి నిపుణుల్ని తెచ్చినా జీతం ఇచ్చేది కాలేజీయే. విద్యార్థి చెప్పింది ప్రిన్సిపాల్‌కి వెళుతుందా, ఇంటికి వెళుతుందా, ఎంతవరకు వెళుతుంది? చేర్పించే రోజున తల్లిదండ్రులు హాస్టల్ గది, మెస్ ఎలాగూ చూస్తారు. కౌన్సెలర్ చదువేమిటో, ఆ నోట్సున్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అదే రోజు అడగొచ్చు.